మూడో సెమిస్టరు చూసి డిగ్రీ ఎంచుకోండి

డిగ్రీ ఎంచుకునే వేళ సలహా కోసం వచ్చే విద్యార్థులు నాకు చూపించే కాగితాల్లో సాధారణంగా మూడు విషయాలు ఉంటాయి: ప్రోగ్రామ్ పేరు, విశ్వవిద్యాలయం ర్యాంకు, గత ఏడాది కటాఫ్. వాళ్లు దాదాపు ఎప్పుడూ తీసుకురాని కాగితం ఒకటుంది. ఆ ప్రోగ్రామ్‌లో మూడో సెమిస్టరులో ఏమేం చదవాలో చెప్పే పేజీ అది. నన్నడిగితే అన్నిటికన్నా ముందు తెరవాల్సింది అదే.

మొదటి సెమిస్టరు ఎక్కడైనా పరిచయాలతోనే గడుస్తుంది. చివరి సంవత్సరంలోని ఐచ్ఛిక సబ్జెక్టులు చూడముచ్చటగా ఉంటాయి. కరపత్రాల్లో కనిపించేవీ అవే. ఆ రెండింటి నడుమ, మూడు నాలుగు సెమిస్టర్లలో, ఆ శాస్త్రం తన పనిముట్లను విద్యార్థి చేతిలో పెడుతుంది. మనస్తత్వశాస్త్రం అంటే మనుషులను అర్థం చేసుకోవడమే అనుకుని చేరినవారికి అక్కడ గణాంకశాస్త్రం, పరిశోధనా పద్ధతులు ఎదురవుతాయి. కంప్యూటర్ సైన్స్ అంటే ప్రోగ్రాములు రాయడమే అనుకున్నవారికి వివిక్త గణితం, డేటా స్ట్రక్చర్లు ఎదురవుతాయి. దేశాల ఆర్థిక విధానాల మీద ఆసక్తితో వచ్చినవారు కలనగణితంతో, జీవశాస్త్రం మీద ప్రేమతో వచ్చినవారు కర్బన రసాయన శాస్త్రంతో రోజులు గడపాల్సి వస్తుంది. ఇవేవీ చెడ్డ సబ్జెక్టులు కావు. ముందే తెలిసి ఉంటే చాలామంది వాటిని ఇష్టంగానే చదివేవారు. హఠాత్తుగా మీద పడినప్పుడే అవి శిక్షలా అనిపిస్తాయి.

అమెరికా విద్యాశాఖ గణాంకాల ప్రకారం 2011–12లో బ్యాచిలర్ డిగ్రీలో చేరి మేజర్, అంటే డిగ్రీలో ప్రధానంగా చదివే శాస్త్రం, ప్రకటించినవారిలో దాదాపు మూడో వంతు మంది మూడేళ్లలోపే కనీసం ఒకసారి మేజర్ మార్చుకున్నారు. గణితంతో మొదలుపెట్టినవారిలో ఆ సంఖ్య 52 శాతం. గణితమంటే భయపెట్టడానికి ఈ లెక్క చెప్పడం లేదు. పాఠశాలలో లెక్కలు చేయడం ఒక పని, విశ్వవిద్యాలయంలో నిరూపణలు రాయడం మరొక పని. మొదటిది బాగా వచ్చినవారికి రెండోదీ నచ్చుతుందని అందరూ అనుకుంటారు. రెండోదాన్ని ఒక్కసారైనా రుచి చూశాక నిర్ణయించుకునే అవకాశం ఎంతమందికి దొరుకుతోంది?

ముందుగా మాటల విషయంలో ఒక స్పష్టత. కోర్సు అనే మాటను కొందరు మొత్తం డిగ్రీకి వాడతారు, కొందరు ఒక సెమిస్టరులో చదివే విడి పాఠ్యాంశానికి వాడతారు. దరఖాస్తు పత్రాల్లో ఈ గందరగోళం వల్ల నిజంగా పొరపాట్లు జరుగుతాయి. ఇక్కడ నేను మొత్తం డిగ్రీని ప్రోగ్రామ్ అనీ, విడి పాఠ్యాంశాన్ని సబ్జెక్టు అనీ అంటాను.

ముందే తేల్చుకోవాలా, తర్వాత తేల్చుకోవచ్చా

డిగ్రీ చదువు స్థూలంగా రెండు దారుల్లో నడుస్తుంది. ఇంగ్లాండు పద్ధతిలో దరఖాస్తు చేసేటప్పుడే చదివే శాస్త్రం తేలిపోవాలి. చరిత్రకు దరఖాస్తు చేసినవారు మొదటి రోజు నుంచి చరిత్రే చదువుతారు, మూడేళ్లలో ఆనర్స్ డిగ్రీతో బయటికి వస్తారు. అమెరికా పద్ధతిలో ముందు విశ్వవిద్యాలయంలో చేరతారు. చాలాచోట్ల రెండో సంవత్సరం ముగిసేలోగా మేజర్ ప్రకటిస్తే సరిపోతుంది. విద్యార్థి తన సబ్జెక్టులను తానే ఎంచుకునే ఈ పద్ధతికి హార్వర్డ్ అధ్యక్షుడిగా 1869 నుంచి 1909 దాకా పనిచేసిన చార్లెస్ ఎలియట్ పెద్ద ఊపునిచ్చారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఇప్పటికీ మొదటి సంవత్సరం విద్యార్థులెవరికీ మేజర్ ఉండదు. స్కాట్లాండు ఈ రెండింటికీ మధ్య నిలుస్తుంది: ఆనర్స్‌కు నాలుగేళ్లు, మొదటి రెండేళ్లలో రెండు మూడు శాస్త్రాలు కలిపి చదివే వీలు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం 2008లో తన డిగ్రీలను కొన్ని విశాలమైన ప్రోగ్రాములుగా కుదించి, న్యాయశాస్త్రం, వైద్యం వంటి వృత్తివిద్యలను డిగ్రీ తర్వాతి దశకు మార్చింది.

వీటిలో ఏది మేలు? ఆర్థికవేత్త ఓఫర్ మలముద్ ఇంగ్లాండు, స్కాట్లాండు పట్టభద్రులను పోల్చి చూశారు. రెండు చోట్లా ఉద్యోగ విపణి దాదాపు ఒకటే, శాస్త్రం తేల్చుకునే కాలం మాత్రం వేరు. చదివినదానికి సంబంధం లేని ఉద్యోగాలకు మారినవారు ముందే తేల్చుకున్న ఇంగ్లాండులో ఎక్కువగా కనిపించారు. త్వరగా ఎంచుకోవడం వల్ల ఆ శాస్త్రంలో లోతు దొరుకుతుంది, ఆలస్యంగా ఎంచుకోవడం వల్ల తనకు ఏది సరిపోతుందో తెలుస్తుంది. ఈ రెండోదానికీ విలువ ఉందని ఆ పోలిక చెబుతోంది.

నా అభిప్రాయం ఇది. ఒక శాస్త్రం మీద మీకున్న ఇష్టానికి మీ సొంత పని సాక్ష్యంగా ఉంటే ముందే తేల్చుకునే ప్రోగ్రామ్‌లో నిశ్చింతగా చేరండి. సాక్ష్యం అంటే ఎవరూ చెప్పకుండానే ఆ విషయం మీద పుస్తకాలు చదివి ఉండటం, లెక్కలు చేసి ఉండటం, ఏదో ఒకటి తయారుచేసి ఉండటం. ఆ సబ్జెక్టులో మార్కులు బాగా రావడం సాక్ష్యం కాదు. ఆ ఉపాధ్యాయుడు మీకు ఎంతో ఇష్టం కావడం కూడా సాక్ష్యం కాదు, ఈ రెండోదాన్ని గుర్తుపట్టడం మాత్రం చాలా కష్టం. మంచి ఉపాధ్యాయుడు చెబితే ఏ పాఠమైనా తీయగానే ఉంటుంది. విశ్వవిద్యాలయంలో అదే సబ్జెక్టును వేరెవరో చెబుతారు. అలాంటి సాక్ష్యమేదీ లేకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. తర్వాత తేల్చుకోనిచ్చే ప్రోగ్రామ్ ఉన్నది మీలాంటివారి కోసమే.

అయితే తర్వాత ఎంచుకోవచ్చు అన్నంత మాత్రాన ఏదైనా ఎంచుకోవచ్చని అర్థం కాదు. కంప్యూటర్ సైన్స్, నర్సింగ్, వాణిజ్యం వంటి గిరాకీ ఉన్న మేజర్లకు చాలాచోట్ల రెండోసారి విడిగా ఎంపిక జరుగుతుంది. విశ్వవిద్యాలయంలో సీటు దొరికి, కోరుకున్న మేజర్‌లో దొరకక, అటు వదల్లేక ఇటు ఉండలేక నలిగిపోయినవారిని చూశాను. చేరేముందే రాతపూర్వకంగా అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ మేజర్‌కు మారడానికి అర్హత ఏమిటి, ఆ అర్హత ఉన్నవారందరికీ చోటు ఉంటుందా, లేక సీట్ల పరిమితి ఉందా?

ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది

రెండు ప్రోగ్రాముల మధ్య మనసు ఊగుతున్నప్పుడు ఏది ఎక్కువ ఇష్టమని గుచ్చిగుచ్చి అడగడం వల్ల పెద్దగా తేలేది ఉండదు. సమానంగా ఇష్టం కాబట్టే కదా ఊగుతోంది. అప్పుడు నేను మరో ప్రశ్న అడుగుతాను: పొరపాటు చేశానని ఏడాది తర్వాత తెలిస్తే, దేని నుంచి దేనికి మారడం తేలిక?

ఇక్కడ చాలామంది గమనించని అసమానత ఉంది. కొన్ని శాస్త్రాలు మెట్లమీద నిలబడి ఉంటాయి. కలనగణితం మొదటి భాగం పూర్తి కానిదే రెండో భాగం లేదు, అది కానిదే అవకలన సమీకరణాలు లేవు, అవి కానిదే భౌతికశాస్త్రంలో, ఇంజినీరింగ్‌లో సగం సబ్జెక్టులకు ప్రవేశం లేదు. ఒక సబ్జెక్టు చదవాలంటే ముందే పూర్తిచేసి ఉండాల్సిన దాన్ని ప్రీరిక్విజిట్ అంటారు. వీటి గొలుసు పొడవుగా ఉన్న ప్రోగ్రామ్‌లోకి ఏడాది ఆలస్యంగా వస్తే ఆ ఏడాదిని మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. చరిత్ర, సాహిత్యం, సమాజశాస్త్రం వంటివాటిలో లోతు తక్కువేమీ కాదు, అక్కడ మెట్లు తక్కువ. రెండో సంవత్సరంలో అడుగుపెట్టినా పట్టుదలతో అందుకోవచ్చు.

కాబట్టి భౌతికశాస్త్రం, తత్వశాస్త్రం రెండూ సమానంగా లాగుతుంటే భౌతికశాస్త్రంతో మొదలుపెట్టి, పక్కన ఒక తత్వశాస్త్ర సబ్జెక్టు తీసుకోవడం మంచిది. ఏడాది తర్వాత తత్వశాస్త్రానికి మారితే పోయేది తక్కువ. ఆ మారడం అటునుంచి ఇటైతే ఒక ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పోతాయి. ఇంజినీరింగ్‌కూ వాణిజ్యానికీ, గణాంకశాస్త్రానికీ రాజనీతిశాస్త్రానికీ మధ్య కూడా ఇదే లెక్క. సంగీతం, చిత్రకళ, వాస్తుశిల్పం వంటివాటిలో గొలుసు వేరే రకంగా ఉంటుంది: అక్కడ స్టూడియో తరగతులు ఒక బృందంతో కలిసి ఏడాదిపొడవునా సాగుతాయి, నడుమ చేరడానికి ఖాళీ ఉండదు.

ఈ సలహాను ఎవరికి ఇవ్వనో కూడా చెప్పాలి. మనసులో ఊగిసలాట ఏమీ లేని పిల్లను, తలుపులన్నీ తెరిచి ఉంచుకోమంటూ ఇష్టం లేని గణితంలోకి నెట్టడం అన్యాయం. తెరిచి ఉన్న తలుపులు ఆమెకు అక్కరలేనివి అయితే వాటిని కాపలా కాస్తూ మూడేళ్లు గడపమనడానికి మనమెవరం? ఈ లెక్క నిజంగా రెండు మనసులతో ఉన్నవారికే పనికొస్తుంది.

ఒకే మేజరా, రెండు మేజర్లా

రెండు ఇష్టాలున్నవారికి విశ్వవిద్యాలయాలు చూపించే దారులు నాలుగైదు ఉంటాయి. ఒకే శాస్త్రంలో ఆనర్స్, రెండు శాస్త్రాలు చెరిసగంగా ఉండే ఉమ్మడి ఆనర్స్, ఒక మేజర్‌తో ఒక మైనర్ (తక్కువ సబ్జెక్టులతో చదివే రెండో శాస్త్రం), రెండు పూర్తి మేజర్లు, రెండు వేర్వేరు పట్టాలు. పేర్లు విని తేల్చుకోకుండా క్రెడిట్లు, అంటే చదువు భారాన్ని కొలిచే అంకెలు, లెక్కపెట్టండి.

అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి. 1999 నాటి బొలోన్యా ప్రకటన తర్వాత ఐరోపా దేశాలు స్థిరపరుచుకున్న పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, మొత్తం డిగ్రీకి 180 లేదా 240. భారతదేశంలో జాతీయ విద్యా విధానం 2020ని అనుసరించి యూజీసీ ఇచ్చిన చట్రంలో మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. ఈ అంకెలను ఒకదానితో ఒకటి నేరుగా పోల్చకూడదు. ఐరోపా క్రెడిట్ ఒక్కటి 25 నుంచి 30 గంటల మొత్తం శ్రమకు గుర్తు. అమెరికా క్రెడిట్ వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు బయట కనీసం రెండు గంటల చదువు ఒక సెమిస్టరు అంతా సాగడానికి గుర్తు.

రెండు మేజర్లు చేయాలనుకునేవారు రెండు ప్రోగ్రాముల తప్పనిసరి సబ్జెక్టులను ఒక కాగితం మీద పక్కపక్కన రాయాలి. రెండింటిలోనూ ఉన్నవి ఎన్ని? గణితం, కంప్యూటర్ సైన్స్ జంటలో అవి బాగానే ఉంటాయి. రసాయనశాస్త్రం, ఒక విదేశీ భాష జంటలో దాదాపు ఉండవు. ఉమ్మడి సబ్జెక్టులు తక్కువైతే మీ ఐచ్ఛిక స్థలం మొత్తం రెండో మేజర్‌కే పోతుంది. అంటే అనుకోకుండా ఎదురయ్యే ఒక మంచి సబ్జెక్టును చదివే చోటు, ఒక సెమిస్టరు వేరే విశ్వవిద్యాలయంలో గడిపే చోటు, పరిశోధనా వ్యాసం రాసే చోటు, అన్నీ పోతాయి. ఎక్కువమందికి ఒక మేజర్‌తో ఒక మైనర్ చాలని నేను నమ్ముతాను. రెండో మేజర్ వల్ల పట్టా మీద ఒక పేరు పెరుగుతుంది. ఐచ్ఛిక స్థలంలో చేసిన ఒక మంచి ప్రాజెక్టు వల్ల మీ చేతికి ఒక పని వస్తుంది. రెండు శాస్త్రాలూ నిజంగా కలిసేచోట పనిచేయాలనుకునేవారికి, ఉదాహరణకు భాషాశాస్త్రాన్నీ కంప్యూటర్ సైన్స్‌నూ కలిపి చదవాలనుకునేవారికి, ఈ మాట వర్తించదు. వాళ్లకు రెండూ పూర్తిగా కావాలి.

లైసెన్సు కావాల్సిన వృత్తులు

వైద్యం, నర్సింగ్, న్యాయవాదం, వాస్తుశిల్పం, ఉపాధ్యాయ వృత్తి వంటివాటికి పట్టా మాత్రమే చాలదు, పనిచేయడానికి అనుమతి కావాలి. ఇక్కడ ర్యాంకుల కంటే గుర్తింపు ముఖ్యం. ఏ దేశంలో పనిచేయాలనుకుంటున్నారో ఆ దేశపు వృత్తి మండలి ఈ ప్రోగ్రామ్‌ను గుర్తిస్తుందా అని ఆ మండలి జాబితాలోనే చూడండి; విశ్వవిద్యాలయం చెప్పే మాటతో ఆగిపోవద్దు. బ్రిటన్‌లో, భారతదేశంలో వైద్యం మొదటి డిగ్రీగానే చదవవచ్చు. అమెరికాలో సాధారణంగా ముందు ఒక బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి. ఇంజినీరింగ్ డిగ్రీలను పరస్పరం గుర్తించుకోవడానికి 1989లో వాషింగ్టన్ ఒప్పందం కుదిరింది, భారతదేశానికి 2014లో అందులో పూర్తి సభ్యత్వం దక్కింది. అయితే ఆ గుర్తింపు కళాశాల మొత్తానికి కాకుండా ఒక్కో ప్రోగ్రామ్‌కు విడిగా ఉంటుంది. పక్క విభాగానికి ఉందని మీ విభాగానికీ ఉందనుకోకూడదు.

చదువుకూ ఉద్యోగానికీ మధ్య సెమిస్టర్లు మార్చి మార్చి నడిచే సహకార విద్యను 1906లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ మొదలుపెట్టారు. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయం 1957లో ఆ పద్ధతితోనే పుట్టింది. ఇలాంటి ప్రోగ్రామ్‌లో నాలుగేళ్ల చదువు ఐదేళ్లకు చేరువవుతుంది, వేసవి సెలవులు ఉండవు, ప్రతి విరామంలోనూ ఇంటర్వ్యూలు ఉంటాయి. చేతిలో పని ఉన్నప్పుడే చదువు తలకెక్కేవారికి ఇంతకంటే మంచిది లేదు. ఒకే విషయాన్ని నెలల తరబడి తవ్వుతూ కూర్చోవడం ఇష్టమైనవారికి ఆ అంతరాయాలు బాధ కలిగిస్తాయి.

ఒకే పేరు, రెండు విశ్వవిద్యాలయాలు

రెండు చోట్ల ఒకే పేరుతో ప్రోగ్రామ్ ఉన్నప్పుడు సబ్జెక్టుల జాబితాను చూసి మోసపోవడం తేలిక. జాబితాలో నలభై ఐచ్ఛిక సబ్జెక్టులు ఉండవచ్చు. వాటిలో గత రెండేళ్లలో నిజంగా బోధించినవి ఎన్ని? పాత టైంటేబుళ్లు చాలా విభాగాలు బయటపెడతాయి. లేకపోతే అడిగితే ఇస్తారు. నలభై అని రాసి తొమ్మిదే నడిపే చోటు కంటే పదిహేను రాసి పద్నాలుగు నడిపే చోటు మేలు.

తర్వాత చూడాల్సింది మార్కులు వేసే పద్ధతి. అంతా చివరి రాతపరీక్ష మీదే ఉందా, ఏడాదిపొడవునా వ్యాసాలు, ప్రాజెక్టులు ఉన్నాయా? ఒత్తిడిలో బాగా రాసేవారూ ఉంటారు, మెల్లగా తీర్చిదిద్దేవారూ ఉంటారు. మీరు ఎటువైపో మీకు ఈపాటికే తెలుసు. ప్రస్తుతం అక్కడ రెండో సంవత్సరం చదువుతున్న ఒకరితో అరగంట మాట్లాడండి. మొదటి సంవత్సరం వారిలో ఇంకా కొత్త ఉత్సాహం ఉంటుంది, చివరి సంవత్సరం వారు ఇక ముందున్నదాని గురించే ఆలోచిస్తుంటారు. ప్రోగ్రామ్ మంచిదా అని అడగవద్దు. గత వారం ఏం చేశావు, ఏ రోజు ఏ తరగతి, దేనికోసం రాత్రి మేలుకున్నావు అని అడగండి.

ఇక కటాఫ్. జర్మనీలో సీట్ల పరిమితి ఉన్న ప్రోగ్రాములకు నుమెరుస్ క్లాజుస్ అనే పద్ధతి ఉంది. ప్రతి ఏడాదీ ప్రచురించే ఆ అంకెను చాలామంది అర్హతగా చదువుతారు. నిజానికి అది ఆ ఏడాది చివరి సీటు పొందినవారి స్థాయి మాత్రమే. దరఖాస్తులు మారితే అదీ మారుతుంది. ప్రపంచంలో ఎక్కడి కటాఫ్ అయినా ఇంతే: నిన్నటి గుంపు గురించిన వార్త. దానికి కాస్త పైనున్నా దిగువనున్నా దరఖాస్తు చేయడం మానుకోవద్దు.

ప్రాధాన్యాల వరుస

దరఖాస్తులో మీ ఎంపికలను వరుసగా రాయమంటే, ఆ వరుసను సీట్లు కేటాయించే యంత్రం ఎలా వాడుతుందో ముందు తెలుసుకోవాలి. ఇక్కడ తెలివైనవారు కూడా నష్టపోతారు.

1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే గణితవేత్తలు కళాశాల ప్రవేశాల గురించి ఒక చిన్న పత్రం రాశారు. విద్యార్థి మొదటి ఎంపికను అడుగుతాడు. కళాశాల తాత్కాలికంగా మాత్రమే అట్టిపెట్టుకుంటుంది. అంతకంటే తగిన విద్యార్థి తర్వాత వస్తే మొదటివాడిని వదిలేస్తుంది, అతడు తన రెండో ఎంపికకు వెళ్తాడు. రెండో ఎంపికను ఆలస్యంగా అడిగాడన్న కారణంతో అక్కడ అతడికి అన్యాయం జరగదు. ఇలాంటి పద్ధతిలో నిజమైన ఇష్టాన్ని నిజమైన వరుసలో రాయడమే విద్యార్థికి క్షేమం. ఈ ఆలోచననూ దాని ఆచరణనూ అభివృద్ధి చేసినందుకు షాప్లీ, ఆల్విన్ రాత్ 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నారు. ఇందుకు విరుద్ధంగా, మొదటి ఎంపికగా రాసినవారికే ముందు సీట్లన్నీ ఖాయం చేసేసే పద్ధతులు కూడా ఉన్నాయి. అక్కడ అందని దాన్ని మొదట రాస్తే రెండోది కూడా చేజారుతుంది. బోస్టన్ నగర పాఠశాలలు ఈ కారణంతోనే 2005లో తమ పాత పద్ధతిని వదిలేశాయి.

కాబట్టి నిబంధనల పత్రంలో ఒక్క వాక్యం కోసం వెతకండి: మీ జాబితాలో మీకు అర్హత ఉన్న అత్యున్నత ఎంపిక ఇస్తాం అనే అర్థంలో రాసి ఉందా? ఉంటే, అందుతుందా అందదా అని ఆలోచించకుండా మనసులో ఉన్న వరుసే రాయండి. జాబితాకు పరిమితి ఉంటే మాత్రం చివరి చోటును తప్పక దొరికే, చేరడానికి మీకు నిజంగా సమ్మతమైన ప్రోగ్రామ్‌కు కేటాయించండి. బ్రిటన్‌లో డిగ్రీ దరఖాస్తులు తీసుకునే ఉమ్మడి వ్యవస్థ యూకాస్‌లో వరుసే ఉండదు. గరిష్ఠంగా ఐదు ఎంపికలు. వైద్యానికి వాటిలో నాలుగే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఒక ఏడాదికి ఒక్కదానికే. ఐదింటికీ వెళ్లేది మీ గురించి మీరు రాసే ఒకే వ్యక్తిగత ప్రకటన కాబట్టి ఐదు వేర్వేరు శాస్త్రాలకు దరఖాస్తు చేస్తే ఆ ప్రకటన దేనికీ సరిగా అతకదు. తర్వాత ఒక సీటును ప్రధానంగా, మరొకదాన్ని అండగా ఉంచుకునే వీలుంటుంది. అండగా ఉంచుకునేదానికి తక్కువ మార్కులు సరిపోవాలి. ఇంత మామూలు విషయంలోనూ ఏటా కొందరు రెండింటికీ ఒకే మార్కులు అడిగే చోట్లను ఎంచుకుంటారు.

రిజిస్ట్రేషన్ రోజు

సీటు రాగానే ఎంపిక ముగిసిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సబ్జెక్టుల రిజిస్ట్రేషన్‌ను ఒక గుమాస్తా పనిగా చూస్తారు. నాకైతే అదే అసలు ఎంపిక. ప్రోగ్రామ్ మీకిచ్చేది ఒక పరిధి. ఆ పరిధిలో మీ చదువు ఎలా ఉంటుందో ప్రతి సెమిస్టరుకూ ఆ కొద్ది గంటల్లో తేలుతుంది.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. నేను చదివిన చోట ఒక తప్పనిసరి సబ్జెక్టు ఉదయం వేళ ఉందని, తర్వాతి సెమిస్టరులో తీసుకుందామని వదిలేశాను. అది ఏడాదికి ఒక్కసారే నడుస్తుందని సబ్జెక్టుల పట్టికలో ఒక చిన్న గుర్తు ఉంది. నేను చూడలేదు, సలహాదారు చెప్పలేదు. ఆ ఒక్క సబ్జెక్టు మీద ఆధారపడిన రెండూ ఆగిపోయాయి, నా పట్టా ఏడాది వెనక్కి వెళ్లింది. నా స్నేహితులు వెళ్లిపోయిన ఆ ఏడాది నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరి చేతా ముందు ఆ గొలుసు గీయిస్తాను: చివరి సంవత్సరపు సబ్జెక్టు నుంచి మొదలుపెట్టి, దానికి ముందేం కావాలి, అది ఏ సెమిస్టరులో నడుస్తుంది, దానికి ముందేం కావాలి అంటూ వెనక్కి. ఒక కాగితం, పదిహేను నిమిషాలు చాలు.

రిజిస్ట్రేషన్ తెరుచుకునే ముందు ఒకటికి రెండు టైంటేబుళ్లు సిద్ధం చేసుకోండి. మొదటిదాంట్లో ఒక తరగతి నిండిపోతే మొత్తం కూలిపోకుండా రెండోది ఉండాలి. మీ ఖాతా మీద బకాయి ఫీజు, అందని ధ్రువపత్రం వంటి కారణాలతో ఏదైనా నిలుపుదల ఉందేమో వారం ముందే చూడండి. నిలుపుదల ఉన్నట్టు చాలామందికి రిజిస్ట్రేషన్ తెరుచుకున్న నిమిషంలోనే తెలుస్తుంది, అప్పటికి కార్యాలయం మూసి ఉంటుంది. తరగతి నిండిపోతే నిరీక్షణ జాబితాలో పేరు పెట్టి, మొదటి తరగతికి వెళ్లి కూర్చోండి, బోధించేవారికి మర్యాదగా చెప్పండి. మొదటి వారంలో ఎవరో ఒకరు తప్పుకోవడం మామూలే.

ఎన్ని సబ్జెక్టులు తీసుకోవాలి? అమెరికాలో 12 క్రెడిట్లతో పూర్తికాల విద్యార్థి అవుతారు, కానీ సెమిస్టరుకు 12 చొప్పున చదివితే 120కి పది సెమిస్టర్లు పడతాయి. నాలుగేళ్లలో పూర్తి కావాలంటే 15 కావాలి. క్రెడిట్‌కు మూడు గంటల లెక్కన అది వారానికి 45 గంటల పని. పక్కన ఉద్యోగం చేసేవారు ఈ గుణకారాన్ని చేతితో చేసి చూసుకోవాలి. మొదటి సెమిస్టరులో ఒక బరువైన లెక్కల సబ్జెక్టు, ఒక ప్రయోగశాల, ఎక్కువగా చదివి రాయాల్సినది ఒకటి, మీ ఇష్టానికి ఒకటి ఉంటే తూకం బాగుంటుంది. రెండు ప్రయోగశాలలు ఒకేసారి వద్దు.

మొదటి ఒకటి రెండు వారాల్లో సబ్జెక్టును వదిలేస్తే సాధారణంగా దాని జాడే ఉండదు. ఆ గడువు దాటాక వదిలితే ట్రాన్స్‌క్రిప్ట్ (మొత్తం మార్కుల పట్టిక) మీద ఉపసంహరణ గుర్తు పడుతుంది. రెండో గడువు కూడా దాటితే వచ్చిన మార్కే నిలుస్తుంది. ఈ రెండు తేదీలను రిజిస్ట్రేషన్ రోజే గోడ మీద రాసుకోండి. మొదటి వారాల్లో తరగతులకు వెళ్లి, రాబోయే పనుల జాబితా చదివి, సరిపడదని తోస్తే మొహమాటం లేకుండా మార్చుకోండి. రెండో గడువు దగ్గరపడినప్పుడు ఆ సబ్జెక్టులో తప్పిపోయే ప్రమాదం నిజంగా ఉంటే ఒక్క ఉపసంహరణ గుర్తును చూసి భయపడవద్దు. తప్పిన మార్కు సగటును లాగినంతగా అది దేన్నీ లాగదు. విదేశీ విద్యార్థులు, ఉపకారవేతనం మీద చదివేవారు మాత్రం ఆ బటన్ నొక్కే ముందు ఒక లెక్క చూసుకోవాలి: ఇది వదిలాక పూర్తికాల విద్యార్థిగా మిగులుతానా? అమెరికా విద్యార్థి వీసాకు అనుమతి లేకుండా ఆ గీత కిందికి వెళ్లకూడదు. అనుమతి ముందు తీసుకోవాలి, సబ్జెక్టును ఆ తర్వాతే వదలాలి.